గుజ్జు అరిగిందా, చిరిగిందా?

ఈసారి అన్నీ కీళ్ళ ప్రశ్నలే. జవాబులు శ్రీకాకుళంలో ప్రాక్టీసు చేస్తున్న ఫిజియోథెరపిస్టు మేడం ఇస్తున్నారు.

ప్రశ్న: మేడం గారూ, నాకు 24 ఏళ్ళు. సంక్రాంతికి మా ఊళ్ళో కబడ్డీ ఆడతంటే రైడ్ కి ఎళ్ళినప్పుడు కాలు నేలమీదే ఉండిపోయి ఒళ్ళు మాత్రం తిరిగిపోయింది, లోపల టక్ మంది. ఆ పూట నడుచుకునే ఇంటికొచ్చీసాను గానీ తెల్లారేసరికి మోకాలు బాగా వాచిపోయింది. ఎమ్మారై తీయిస్తే మీడియల్ మెనిస్కస్ పోస్టీరియర్ హార్న్ గ్రేడ్ 3 టేర్ అని రాసారు, డాక్టరు గారేమో 'గుజ్జు చిరిగింది బాబూ' అన్నారు. మా అమ్మకి కిందటేడు ఎక్స్‌రే తీసి 'గుజ్జు అరిగిపోయింది, గ్రేడ్ 3' అన్నారు. అమ్మకి 58 ఏళ్ళు, ఇప్పటికీ ఉభాలకి (వరి నాట్లకి) ఎళ్తాది. నాకూ గ్రేడ్ 3 యే కదా, ఈ వయసుకే అమ్మ జబ్బు నాకొచ్చీసిందేటి? ఇద్దరం ఒకటే మందు వాడొచ్చా?
— ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: కంగారు పడకు తమ్ముడూ, నీదీ అమ్మదీ ఒకటే జబ్బు కాదు, మందూ ఒకటి కాదు. డాక్టర్లు మీ ఇద్దరికీ చెప్పింది తప్పేం కాదు, కాకపోతే మన దగ్గర కీలు లోపల మెత్తగా ఏదుంటే దాన్నల్లా గుజ్జు అనేస్తాం, డాక్టర్లు కూడా మనకి అర్థమవ్వాలని అదే మాట వాడేస్తారు, దాంతో ఇంటికొచ్చాక ఇలాంటి తికమకలు. మోకాల్లోనే గుజ్జు అనిపించుకునేవి మూడున్నాయి.

ఈ ఆదివారం మటన్ కొట్టుకి వెళ్తే ఒక పని చెయ్యి. మేక వెనక కాల్లో తొడ ఎముకా దాని కింది ఎముకా కలిసే చోటు కొట్టకుండా, కత్తితో కోసి విప్పి చూపించమని అడుగు. ఎముక చివర కాస్త నీలం కలిసిన తెలుపులో మెరుస్తూ ఒక పూత కనిపిస్తుంది, వేలు పెడితే జారిపోతుంది, గోటితో గీరినా రాదు. అది కార్టిలేజ్, స్కూల్లో మృదులాస్థి అని చదువుకున్నాం చూడు, అదే. రెండు ఎముకల మధ్యన నెలవంక ఆకారంలో రెండు ముక్కలుంటాయి, బయటి అంచు మందంగా, లోపలికి వచ్చేకొద్దీ పల్చగా, వంచితే వంగి వదిలేస్తే మళ్ళీ సర్దుకుంటాయి. అవి మెనిస్కస్ లు. గ్రీకు భాషలో ఆ మాటకి చిన్న చంద్రుడనే అర్థం, ఆ ఆకారం వల్లే ఆ పేరు. ఇక నీ వేళ్ళకి అంటుకుని గుడ్డు తెల్లసొనలా సాగే జిగురు సైనోవియల్ ఫ్లూయిడ్. మనిషి మోకాల్లోనూ ఇవే ఉంటాయి, మంచిగా ఉన్న మోకాల్లో ఆ జిగురు మొత్తం కలిపినా చెంచాడు కూడా ఉండదు.

అమ్మకి అరిగింది ఎముక మీది పూత, నీకు చిరిగింది మధ్యలో ఉన్న నెలవంక ముక్క, మీడియల్ మెనిస్కస్ పోస్టీరియర్ హార్న్ అంటే మోకాలి లోపలి వైపున్న ముక్క వెనక కొన. రెండు చోట్లా గ్రేడ్ 3 అనే రాసినా అవి వేర్వేరు లెక్కలు. ఎక్స్‌రేలో గ్రేడ్ అంటే కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు 1957లో పెట్టిన లెక్క, 0 నుంచి 4 దాకా ఉంటుంది, ఎముకల మధ్య గ్యాప్ ఎంత తగ్గింది, అంచుల్లో ముళ్ళలాగ ఎముక పెరిగిందా అని చూసి నంబరేస్తారు. అసలు కార్టిలేజ్ ఎక్స్‌రేలో కనపడనే కనపడదు, ఆ ఖాళీని బట్టి ఇంత అరిగుంటుందని అంచనా కట్టడమే, అందుకే అమ్మకి పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే అయితే నిలబెట్టి ఇంకోటి తీయమని అడగండి, బరువు పడినప్పుడే గ్యాప్ సరిగ్గా తెలుస్తుంది. ఎమ్మారైలో మెనిస్కస్ కి రాసే గ్రేడ్ మాత్రం 1, 2, 3 వరకే. 1, 2 అంటే లోపల రంగు మారింది గానీ పైకి చీలిక రాలేదని, అది చిరుగు కిందకి రాదు. గ్రేడ్ 2 సిగ్నల్ చేంజెస్ అన్న కాగితం పట్టుకుని ఏడుస్తూ వచ్చేవాళ్ళని నేను తరచూ చూస్తాను, చాలా బాధేస్తుంది, వాళ్ళలో ఎక్కువమందికి భయపడాల్సింది ఏమీ ఉండదు. నీది 3 కాబట్టి చిరుగు పైదాకా వచ్చింది. రాత్రి గడిచాక మెల్లగా వాచింది అన్నావు కదా, మెనిస్కస్ చిరిగితే వాపు సాధారణంగా అలాగే వస్తుంది, దెబ్బ తగిలిన గంటా రెండు గంటల్లోనే ఉబ్బిపోతే లిగమెంట్ మీద, అంటే ఎముకల్ని కట్టి ఉంచే పట్టీ మీద ఎక్కువ అనుమానం పడతాం. రిపోర్టులో ఏసీఎల్ (మోకాలి లోపలుండే ముఖ్యమైన లిగమెంట్) గురించి ఏం రాసారో ఒకసారి చూసుకో.

ఇప్పుడు నువ్వు చూసుకోవాల్సింది ఏంటంటే మోకాలు పూర్తిగా చాపగలుగుతున్నావా లేదా. మధ్యలో ఎక్కడో అడ్డం పడినట్టయి చాపలేకపోతే చిరిగిన ముక్క మడతపడి కీలు మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు, అలాంటప్పుడు నాటువైద్యుడి దగ్గర లాగించుకోవడాలు వద్దు, వెంటనే ఆర్థోపెడిక్ సర్జన్ దగ్గరకి వెళ్ళిపో. చాపగలుగుతుంటే కూడా సర్జన్ని రెండు మాటలు అడుగు, చిరుగు బయటి అంచు దగ్గరుందా లోపలి అంచు దగ్గరుందా, కుట్టడానికి కుదురుతుందా. ఎందుకంటే మెనిస్కస్ కి బయటి అంచున్న కాస్త మేరకే రక్తం అందుతుంది, డాక్టర్లు దాన్ని రెడ్ జోన్ అంటారు, అక్కడ చిరిగితే కుడితే అతుక్కునే అవకాశం బాగుంటుంది. లోపలి భాగం వైట్ జోన్, అక్కడికి రక్తం రాదు, రక్తం రాని చోట పుండు మానడం కష్టం కదా. నీ వయసు కుర్రాళ్ళకి కుట్టగలిగితే కుట్టడమే మంచిది, కోసి తీసేయడం తేలికే, పదిహేను రోజుల్లో నడిచేస్తావు కూడా, కానీ దాని ఖరీదు ఇరవై ఏళ్ళ తర్వాత తెలుస్తుంది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఒకప్పుడు సర్జన్లు మెనిస్కస్ ని పనికిరాని వస్తువు అనుకునేవాళ్ళు, 1897లో బ్లాండ్ సటన్ అనే ఇంగ్లిష్ సర్జనైతే అది పాతకాలపు కండరం తాలూకు మిగులు అని రాసేసాడు, అందుకని చిరిగితే మొత్తం పీకేసేవాళ్ళు. 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే ఆయన అలా తీసేసినవాళ్ళ ఎక్స్‌రేలు చూస్తే గ్యాప్ తగ్గడం, ఎముక చదునైపోవడం, అంచుల్లో ఎముక పెరగడం కనిపించాయి. తొడ ఎముక కింది చివర గుండ్రంగా ఉంటుంది, దాని కింది ఎముక పైభాగం ఇంచుమించు బల్లపరుపు, ఆ రెండిటి మధ్య సందుని నింపి బరువుని పంచేది మెనిస్కస్సే. కాలు చాపి నిలబడితే మోకాలి బరువులో సుమారు సగం అదే మోస్తుంది, 90 డిగ్రీలు వంచితే 85 శాతం దాకా మోస్తుంది. అది లేకపోతే ఆ భారమంతా చిన్న జాగాలో పూత మీద పడుతుంది, అంటే ఈ రోజు నీ చిరుగుని నిర్లక్ష్యం చేస్తే రేపు అమ్మ అరుగుడు నీకొస్తుంది, రెండిటికీ ఉన్న సంబంధం అదీ.

కుట్టించుకుంటే మళ్ళీ కబడ్డీ బరిలో దిగడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టొచ్చు, ఓపిక పట్టాలి. ఆ టైములో తొడ కండ పెంచడమే నీ పని. మీ ఆమదాలవలస పక్కనే ఊసవానిపేట నుంచి వెళ్ళి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి గారు ఆ బరువుతో కింద కూర్చున్న చోటు నుంచి పైకి లేచింది తొడల బలంతోనే కదా, మోకాలికి అంతకన్నా పెద్ద అండ లేదు. దెబ్బ తగిలిన వారంలోనే తొడ కండ చిక్కిపోవడం మొదలవుతుంది, రెండు తొడలకీ చిప్ప పైన జానెడు ఎత్తులో టేపు పెట్టి కొలుచుకుంటే నీకే తెలుస్తుంది.

అమ్మ సంగతికి వస్తే, ఎవరైనా కెమెరా పెట్టి లోపల కడిగేస్తే సరిపోతుంది అంటే ఒప్పుకోకండి. అరుగుడుకి అది పని చేయదని 2002లోనే అమెరికాలో హ్యూస్టన్ లో 180 మంది మీద చూసారు, కొంతమందికి నిజంగా చేసి, కొంతమందికి చర్మం మీద గాట్లు మాత్రం పెట్టి కుట్టేస్తే ఇద్దరికీ నొప్పి ఒకేలా తగ్గింది. వయసుతో వచ్చిన చిరుగుల్ని కోసి సరిచేసినా ఇంతేనని 2013లో ఫిన్లాండ్ డాక్టర్లు 146 మంది మీద చూపించారు. నీలాగ ఆటలో పడి చిరిగినదానికి ఈ మాట వర్తించదు, అది వేరే లెక్క.

ప్రశ్న: అమ్మా, నాకు 52 ఏళ్ళు, జీడిపప్పు పనికి ఎళ్తాను, పొద్దుట కూకున్న మనిషిని సాయంత్రమే లేస్తాను. రెండు మోకాళ్ళూ గుజ్జు అరిగినాయన్నారు. మా అప్ప బెండకాయ నానబెట్టిన నీళ్ళు తాగమంటాది, పక్కింటోళ్ళు మేక కాళ్ళ సూపు అంటారు, మా అమ్మాయి ఏదో పౌడరు డబ్బాలు పంపింది, నెలకి రెండు వేలు అవతంది. ఒక డాక్టరు గుజ్జు ఇంజక్షన్ ఏసుకోమన్నారు. దేంతో గుజ్జు మళ్ళీ పెరుగుద్ది?
— ఒక పాఠకురాలు, పలాస

జవాబు: అమ్మా, నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నాను, అరిగిపోయిన పూతని మళ్ళీ ముందులాగ పెంచే మందు గానీ తిండి గానీ ఇప్పటిదాకా లేదు. బెండకాయ జిగురు, మోకాల్లో జిగురు చూడ్డానికి ఒకలాగే ఉండొచ్చు, కానీ తాగింది కడుపులోనే అరిగిపోతుంది, మోకాల్లోకి జిగురుగా చేరదు. మేక కాళ్ళ సూపూ అంతే, ఇష్టమైతే తాగు, మంచి ప్రొటీనే, దానికోసం అప్పు చేయొద్దు. పౌడరు డబ్బాలో చాలావరకు గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ ఉంటాయి. వాటిని 2006లో అమెరికాలో 1583 మందికి ఇచ్చి చూస్తే మొత్తం మీద ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకీ వీళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నీ రెండు వేలు పాలకీ గుడ్లకీ పప్పుకీ పెట్టుకో తల్లీ, అమ్మాయికి కూడా ఇదే చెప్పు, ప్రేమతోనే పంపింది పాపం.

గుజ్జు ఇంజక్షన్ అని చెప్పేది ఎక్కువగా హయలురోనిక్ యాసిడ్, ఆ సైనోవియల్ జిగురులో ఉండే పదార్థమే. పేరు విని గుజ్జు ఎక్కిస్తారు అనుకుంటారు అందరూ, కాదు, జారుడు కోసం వేసేది, పూత పెరగదు. కొందరికి కొన్ని నెలలు తేలిగ్గా అనిపిస్తుంది గానీ ఖర్చుకి తగ్గ లాభం లేదని ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాల్లో 2022లో ఇవ్వొద్దనే రాసారు. రక్తం తీసి తిప్పి వేసే పీఆర్పీ ఇంజక్షన్ కూడా 2021లో ఆస్ట్రేలియాలో 288 మంది మీద చూస్తే ఉప్పునీళ్ళ ఇంజక్షన్ కంటే మెరుగ్గా ఏమీ చేయలేదు. వేయించుకోవద్దని నేను అనను, మీ డాక్టరు గారితో మాట్లాడుకో, కానీ బంగారం తాకట్టు పెట్టి మాత్రం వద్దు.

మరి నొప్పి ఎలా తగ్గుద్ది అంటావా, తగ్గుతుంది, అదే సంతోషించాల్సిన సంగతి. ఆ పూతలో రక్తనాళాలూ లేవు, నొప్పి తెలిపే నరాలూ లేవు, నొప్పి వచ్చేది కింద ఎముక నుంచి, చుట్టూ ఉన్న పొర నుంచి, అలసిపోయిన కండల నుంచి. అందుకే ఎక్స్‌రే ఘోరంగా ఉన్నా ఊరంతా తిరిగేవాళ్ళున్నారు, కొద్దిగా అరిగి మంచం పట్టినవాళ్ళూ ఉన్నారు. పైగా రక్తం లేని ఆ పూతకి తిండి ఆ జిగురు నుంచే అందాలి, కాలు ఆడించినప్పుడు నొక్కుడు పడి వదులైతేనే జిగురు లోపలికీ బయటికీ తిరుగుతుంది. పొద్దుట్నించి సాయంత్రం దాకా ఒకే మడత మీద కూర్చుంటే దానికి తిండీ లేదు, మెనిస్కస్ మీద భారమూ దిగదు.

కాబట్టి పని మానక్కర్లేదు, కూర్చునే తీరు మార్చాలి. ఎత్తు పీటో, పాత ప్లాస్టిక్ కుర్చీయో వేసుకుని పప్పు ముందున్న బల్ల మీద పెట్టుకోవడానికి కుదురుతుందేమో మేస్త్రీని అడుగు, నీ ఒక్కదానికే కాదు మీ వరసలో కూర్చున్న ఆడవాళ్ళందరికీ అదే నొప్పి ఉంటుంది కాబట్టి నలుగురూ కలిసి అడగండి. అది కుదరకపోతే అరగంటకోసారి లేచి పది అడుగులు వేసి కూర్చో. రాత్రి మంచం మీద కాలు చాపి, తువ్వాలు చుట్టగా చుట్టి మోకాలి కింద పెట్టుకో. ఇప్పుడు తువ్వాలుని మంచానికి అదిమేటట్టు మోకాలిని కిందకి నొక్కు, చిప్ప పైన కండ రాయిలాగ గట్టిపడాలి, చేత్తో తాకి చూసుకో, గట్టిపడకపోతే నువ్వు నడుంతో నొక్కుతున్నావన్నమాట. అయిదు లెక్కపెట్టి వదిలేయ్. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దుటా రాత్రీ. రెండు వారాలయ్యాక కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం మొదలుపెట్టు, ముందు ఎత్తు కుర్చీ, మెల్లగా తక్కువ ఎత్తుది. మొదటి వారం కాస్త నొప్పి పెరిగినట్టు ఉంటుంది, మర్నాటికి తగ్గిపోతే ఫర్లేదు, మర్నాటికీ వాపు ఉంటే లెక్క తగ్గించు. ఇవి చేయమంటే చాలామంది నాలుగు రోజులు చేసి మానేస్తారు, ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది గుణం తెలియడానికి.

ఒళ్ళు ఉంటే కొంచెం తగ్గించుకో. 1 కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుందని లెక్క కట్టారు, రోజుకి ఎన్ని అడుగులేస్తామో ఆలోచించు.

ప్రశ్న: సార్/మేడం, నేను టైల్స్ పని చేస్తాను. కుడి మోకాలి చిప్ప మీద నిమ్మకాయంత మెత్తటి బుడిపె వచ్చింది, నొక్కితే లోపల నీరు కదిలినట్టు ఉంటాది, నడకకి ఏటీ ఇబ్బంది లేదు. గుజ్జు బయటికి వచ్చేసింది, ఆపరేషన్ అన్నారు మావోళ్ళు. నిజమేనా?
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: కాదు బాబూ, గుజ్జు చిప్ప మీంచి బయటికి రాదు. చర్మానికీ చిప్పకీ మధ్య బర్సా అని పల్చటి సంచి ఒకటి ఉంటుంది, రాపిడి తగలకుండా ఒళ్ళంతా ఇలాంటివి వందకి పైనే ఉంటాయి. గచ్చు మీద రోజంతా మోకాళ్ళ మీద ఉండి టైల్స్ వేస్తుంటే ఆ సంచి రేగి నీరు పడుతుంది, దీన్ని బర్సైటిస్ అంటారు. కీలు లోపలికి దీనికి సంబంధం లేదు, అందుకే నీకు నడక బాగానే ఉంది. మందపాటి స్పాంజి ఉన్న మోకాలి ప్యాడ్ కొనుక్కుని కట్టుకో, కొన్ని వారాలు ఆ మోకాలు నేలకి ఆనించకు, ఎక్కువమందికి దాంతోనే తగ్గిపోతుంది. నువ్వే సూదితో పొడిచి నీరు తీసే పని మాత్రం ఎప్పుడూ చేయకు. అక్కడ ఎర్రగా మారి, వేడిగా ఉండి, జ్వరం కూడా వస్తే లోపల చీము పట్టిందని అనుమానించాలి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళు, రేపటికి వాయిదా వేయొద్దు.

ప్రశ్న: నడుంలో గుజ్జు జారింది, ఎల్4 ఎల్5 డిస్క్ బల్జ్ అని రాసారు. జారిన గుజ్జుని మళ్ళీ లోపలికి తోస్తామని ఒకాయన నడుం విరుస్తున్నాడు, వెళ్ళొచ్చా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: వెళ్ళకండమ్మా. ఎల్4 ఎల్5 అంటే నడుంలో నాలుగో, అయిదో వెన్నుపూసలు. వెన్నుపూసల మధ్య మెత్తలాగ ఉండే డిస్క్ పైనా కిందా ఎముకలకి గట్టిగా అతుక్కుని ఉంటుంది, అది జారదు, చేత్తో తోస్తే లోపలికి వెళ్ళేదీ కాదు. బల్జ్ అంటే అంచు కాస్త ఉబ్బిందని మాత్రమే, నొప్పి లేనివాళ్ళ ఎమ్మారైలో కూడా అది మామూలుగా కనిపిస్తుంది. నిజంగా లోపలి గుజ్జు పగిలి బయటికి వచ్చి నరాన్ని నొక్కితే కాల్లోకి నొప్పి దిగుతుంది, అది కూడా చాలామందికి కొన్ని నెలల్లో శరీరమే కరిగించేసుకుంటుంది. పాదం పైకి లేవకపోయినా, మూత్రం ఆగిపోయినా తెలియకుండా పోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా మాత్రం అది ఎమర్జెన్సీ, ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్ళిపోవాలి.

ప్రశ్న: గొంతుక్కూర్చుని లేస్తే మోకాళ్ళు టకటకా చప్పుడు చేస్తాయి. నొప్పి లేదు, వాపు లేదు. వయసు 30. గుజ్జు అయిపోతోందని భయంగా ఉంది.
— ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: నొప్పీ వాపూ లేని చప్పుడుకి భయపడక్కర్లేదు బాబూ. జిగురులో కరిగి ఉన్న గాలి బుడగ కట్టినా, కండని ఎముకకి కట్టి ఉంచే తాడులాంటి టెండన్ ఎముక అంచు మీంచి దాటినా అలా మోగుతుంది. లేవడం మానకు, చప్పుడుతో పాటు మోకాలు పట్టేసినా, ఉన్నట్టుండి కాలు వదిలేసినట్టు అయినా అప్పుడు చూపించుకుంటే చాలు.